పదిహేడో జతలో రెండో డబ్బా

ఆరేళ్లుగా ఆవిడ మనసులో ఒకటే అనుమానం, మిషను అడుగున చిక్కుపడ్డ దారంలా. పైనుంచి చూస్తే కుట్టు చక్కగానే ఉంటుంది, బట్ట తిరగేస్తేనే కింద ముద్దకట్టిన దారం కనిపిస్తుంది. ఆ రోజు తాను ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేది, చెప్పనందుకు ఏం పాడైంది? అంత చదువుకున్న డాక్టరమ్మ, అంతమంది ఆడవాళ్లను బతిమాలి డబ్బాలు పోగుచేసి, ఏళ్ల తరబడి కూర్చుని కడుతున్న పరిశోధనలో తన మూలంగా ఒక కుట్టు తప్పిందా? తప్పిన చోటునుంచి అతుకంతా విచ్చుకుంటూ పోయిందా? పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడిస్తే చాలు, తనకన్నా ముందే ఈ ప్రశ్న వచ్చి అక్కడ నిలబడి ఉండేది. సామీ, నేను అబద్ధమాడలేదు కదా, నోరు విప్పలేదంతే కదా, అని అడిగేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడంలో ఆయన కూడా తనలాంటివాడేనేమో అని ఒకసారి అనుకుని, వెంటనే లెంపలు వేసుకుంది.

ఇప్పుడు తొమ్మిదైంది. పరిశోధనశాల నడవలో చిల్లుల ఇనుప బెంచీ మీద ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచి తాను కుట్టిందే. లోపల రెండు వరసల దూది, మధ్యన వెండిరంగు కాగితం, పైన నీలం దళసరి గుడ్డ, అంచు చుట్టూ పైపింగు. అందులో రెండు ఐసు దిమ్మలు, దిమ్మల మధ్య మూత బిగించిన తెల్ల డబ్బా, డబ్బాలో పొద్దున ఆరింటికి తీసిన తన మలం. తీసిన నాలుగు గంటల్లో అందజేయాలని ఆ డబ్బాతో పాటు వచ్చిన ఉత్తరంలో రాశారు. అంటే పదింటిలోగా. బస్సులో పక్క సీటావిడ సంచిని తడిమి, చల్లగా ఉందే, ఏం తీసుకెళ్తున్నారమ్మా అంత భద్రంగా అని అడిగింది. ఇవ్వాల్సింది ఒకటి మిగిలిపోయింది, ఇచ్చి వద్దామని, అంది ఈవిడ. ఇక్కడ తలుపు దగ్గర కాపలా మనిషి ఇంకొక అడుగు ముందుకు వేశాడు.

"మీరడిగిన కళ్లజోడమ్మాయి మీటింగులో ఉందమ్మా. గంట పట్టొచ్చు."

"గంటా? ఐసు కరిగిపోతుంది నాయనా."

"ఏం తెచ్చారేంటి, ఐస్‌క్రీమా?"

"ఐస్‌క్రీమ్ అయితే నీకే పెట్టేదాన్ని. ఇది ఆ అమ్మాయి చేతికే ఇవ్వాలి."

అతను ఈ నడవలో ఎన్నేళ్లుగా కూర్చుంటున్నాడో, సంచి ఆకారం చూసే సంగతి గ్రహించి, మర్యాదగా రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఈ సంగతి ఇంటికెళ్లి చిన్నదానికి చెప్పాలి, అది పొట్ట పట్టుకుని నవ్వుతుంది, అనుకుంది. వెంటనే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే ఇవాళ ఇక్కడికి వస్తున్నట్టు చిన్నదానికి చెప్పలేదు. దారపు ఉండలు తేవాలని చెప్పి వచ్చింది.

చిన్నది అంటే తోడికోడలు. ఈవిడ మరిదిని చేసుకుని పంతొమ్మిదేళ్లప్పుడు ఆ ఇంట్లో అడుగుపెట్టింది, అప్పటినుంచి ఎవరికైనా చిన్నదే, ఇప్పుడు నెత్తి మీద సగం తెలుపొచ్చినా చిన్నదే. వీధిలో వాళ్లు ఈవిడను కత్తెరమ్మ అంటారు. మెడలో టేపు, నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలో కత్తెర లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు. చిన్నది వచ్చిన మొదటి వారం మిషను దగ్గర నిలబడి, అక్కా, నాకూ ఏదైనా పని ఇవ్వు, ఊరికే కూర్చుంటే నిద్రొస్తోంది, అంది. కాజాలు కుట్టగలవా అంటే తల ఊపింది. ఆ ఊపు అబద్ధమని మొదటి కాజాతోనే తెలిసింది, బొత్తాం దూరాలంటే బొత్తానికే చెమట పట్టేలా ఉంది. విప్పించింది, మళ్లీ కుట్టించింది, మళ్లీ విప్పించింది. ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల అంత సన్నగా కాజా తీసే చెయ్యి ఇంకొకటి లేదు. ఇరవయ్యారేళ్లు ఒక పొయ్యి మీద వండుకున్నారు, ఒక గిన్నెలో కలుపుకుని తిన్నారు. కత్తెరమ్మ వండితే ఉప్పు తక్కువ, చిన్నది వండితే ఎక్కువ. అన్నదమ్ములిద్దరూ గుడ్లప్పగించి చూస్తుండగా ఆడవాళ్లిద్దరూ అదే గిన్నె చుట్టూ కూర్చుని ఒకరి వంటను ఒకరు వెక్కిరించుకుంటూ గిన్నె ఖాళీ చేసేవాళ్లు. ఆ మాట డాక్టరమ్మతో చెప్పినప్పుడే కదా ఆవిడ కళ్లు మెరిసింది. ఒకే వంటిల్లా? ఎన్నేళ్లు? అని రెండుసార్లు అడిగింది.

గడియారంలో పెద్ద ముల్లు రెండు గళ్లు జరిగింది. నడవ చివర ఏదో పెద్ద బీరువాలాంటిది ఆగకుండా మూలుగుతోంది. అందులోనే ఉంటాయి డబ్బాలన్నీ, చలికి గడ్డకట్టి. చిన్నదాని డబ్బాలు ఏడు అందులో ఉన్నాయి. తనది ఒకటి. ఆ ఒక్కటీ ఉండకూడనిది.

కొలత దగ్గర మొదలైంది ఇదంతా. చిన్నదాని చెల్లెలి పెళ్లికి కొత్త జాకెట్టు కుడదామని నిలబెట్టి కొలిచింది. ఏటా కొలిచే ఒళ్లే, కళ్లు మూసుకుని చెప్పగలదు ఎంతెంతో. కానీ ఈసారి వీపు నుంచి ముందుకు ఒక పక్కా, రెండో పక్కా విడివిడిగా కొలిస్తే అర అంగుళం తేడా వచ్చింది. టేపు జారిందేమోనని మళ్లీ పట్టింది, మళ్లీ అర అంగుళమే. చిన్నది గిలిగింతలు పెట్టినట్టు మెలికలు తిరుగుతూ, లావయ్యానని చెప్పడానికి ఇంత తిప్పలెందుకక్కా, అంటోంది. కత్తెరమ్మ నవ్వలేదు. గుడ్డ మీద సుద్దతో గీసే వేలితో నెమ్మదిగా తడిమింది. చంకకు కిందగా, బఠాణీ గింజ కన్నా కొంచెం పెద్దది, కదలనిది. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం, అంది. రేపు నాకు ముప్పై కాజాలున్నాయి, అంది చిన్నది. కాజాలు నేను కుట్టుకుంటాను, నువ్వు నోర్మూసుకుని నడు, అంది. పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఎవరు కనిపెట్టారు దీన్ని అని అడిగాడు. మా అక్క టేపు కనిపెట్టింది, అంది చిన్నది. ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది, అన్నాడాయన. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ వెన్ను నిటారుగా లేస్తుంది. ఇప్పుడూ లేచింది. దేవుడు తన వేళ్లకు చదువు నేర్పించాడు, బడిలో అయిదో తరగతి దాటించకపోయినా. గర్వపడితే పడనీ. కాజా బాగా వస్తే గర్వపడమూ? ప్రాణం నిలిస్తే పడకూడదా?

కానీ ఆ గర్వమే కదా నోరు కుట్టేసింది.

చిన్నదాని జబ్బు బయటపడేనాటికే వారంగా తన దవడ వాచి ఉంది. కుడివైపు కింది పన్ను, లోపల చీము పట్టి, తల దిండుకు ఆనితే లోకం అదిరేది. ఇంట్లో చిన్నదాని సంగతి తెలిసి అందరూ దాని చుట్టూ తిరుగుతుంటే, నా పన్ను నొప్పి అని ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? చేతిరుమాలు బుగ్గకు అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటున్నట్టు నటించింది. అందరూ నమ్మారు. ఏడుస్తోంది పాపం తోడికోడలి కోసం అనుకున్నారు. ఏడుస్తూనే ఉంది కూడా, రెండూ నిజమే. ఒక మధ్యాహ్నం మిషనుకు సూదులు తెస్తానని వెళ్లి పళ్ల డాక్టరుకు చూపించుకుని, ఆయన రాసిన యాంటీబయాటిక్ మాత్రలు రోజుకు మూడు చొప్పున వారం వేసుకుంది. వాపు దిగింది. ఖాళీ అయిన మాత్రల అట్ట మిషను సొరుగులో బాబిన్ల కింద దాచింది, బయట పారేస్తే ఎవరి కంటనైనా పడుతుందని. తర్వాత ఎప్పుడో తీసి పారేద్దామని చూస్తే లేదు. సొరుగు దులిపినప్పుడు పోయిందేమో అనుకుని ఆ సంగతి వదిలేసింది.

ఆ మాత్రలు అయిపోయిన పది రోజులకే ఈ నడవ. ఇదే బెంచీ. ఆపరేషనుకు ముందు చిన్నదాన్ని ఇక్కడికి పంపారు, ఒక పరిశోధన జరుగుతోంది, ఇష్టమైతే చేరండి, బలవంతం లేదని చెప్పి. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని విప్పి చెప్పింది. కడుపులో, పేగుల్లో, కంటికి కనిపించని జీవులు కోట్లకు కోట్లు కాపురం ఉంటాయట. ఊరన్నాక అన్ని రకాలూ ఉన్నట్టే వాటిలోనూ. కొన్ని మనం తిన్న ఆకుకూరల్లో, గింజల్లో పీచును తిని మనకు మేలు చేస్తాయి. ఇక ఆడవాళ్ల ఒంట్లో ఊరే హార్మోను ఒకటి ఉంది, పని అయిపోయాక దాన్ని ఒళ్లు మూట కట్టి బయటకు పంపేస్తుంది. పేగుల్లో కొన్ని జీవులు ఆ మూట విప్పేస్తాయి. విప్పిన హార్మోను మళ్లీ రక్తంలో కలుస్తుంది. అది ఎక్కువ కాలం ఎక్కువగా తిరుగుతుంటే కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకు బలం దొరుకుతుంది. అంటే, అంది కత్తెరమ్మ, నేను వేసిన కుట్టును వెనకనుంచి ఇంకొకరు విప్పుకుంటూ పోతున్నట్టా? డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఇంత బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయానమ్మా, ఇకనుంచి ఇదే చెబుతాను, అంది. చిన్నది మోచేత్తో పొడిచింది, చూశావా అన్నట్టు. అప్పుడు చిన్నదే అడిగింది, నవ్వు ఆపి. ఇరవయ్యేళ్లుగా ఒకే గిన్నెలో తిన్నాం డాక్టరమ్మా, మా అక్కకు రాలేదు, నాకెందుకొచ్చింది? డాక్టరమ్మ చెప్పింది. నాకు తెలీదు. ఆ జీవుల తూకం తప్పినందువల్ల జబ్బు వచ్చిందో, జబ్బు వచ్చినందువల్ల తూకం తప్పిందో, రెండింటికీ వేరే కారణం ఉందో కూడా తెలీదు. తెలుసుకోవడానికే మీలాంటి జతలు కావాలి. ఒకే ఇంట్లో, ఒకే వంట తిన్న ఇద్దరు, ఒకరికి వచ్చి ఒకరికి రానివాళ్లు. నలభై జతలు వెతుకుతున్నాను. మీరు పదిహేడో జత.

ఆ తర్వాత కళ్లజోడమ్మాయి కాగితాలు తెచ్చింది. అప్పుడింకా కొత్తగా చేరింది, కళ్లజోడు ముక్కు మీదనుంచి జారుతుంటే మోచేత్తో పైకి తోసుకునేది, చేతులకు తొడుగులుండేవి కాబట్టి. వరసగా ప్రశ్నలు. వయసు, పిల్లలు, ఏం తింటారు, ఎంత తింటారు. చిన్నది అన్నిటికీ ఇద్దరి తరఫునా జవాబులు చెప్పేస్తోంది, ఆ రోజు దానికి అంత హుషారెక్కడిదో. భయమే అలా మాట్లాడిస్తుందని తర్వాత అర్థమైంది.

"గత మూడు నెలల్లో ఏమైనా యాంటీబయాటిక్ మాత్రలు వాడారా?"

"నేను వాడలేదు. మా అక్కనైతే అడగొద్దు కూడా. జ్వరమొచ్చినా మాత్ర మింగదు. ఇనుప మనిషి."

"ఆవిడనే చెప్పనివ్వండి. వాడి ఉంటే ఫరవాలేదమ్మా, మూడు నెలలాగి ఇంకో డబ్బా ఇద్దురుగాని. మీ చోటు ఉంచుతాం."

"చెప్పానుగా అమ్మాయ్. మా అక్క ఏది దాచినా నాకు తెలుస్తుంది."

ఎంత సులువుగా చెప్పింది ఆ పిల్ల, వాడి ఉంటే ఫరవాలేదని. తలుపు తీసి పట్టుకుని నిలబడినట్టుగా. ఆ తలుపులోంచి బయటకు రావడానికి ఒక్క మాట చాలు. కానీ చిన్నది తనవైపు చూస్తోంది, ఇనుప మనిషి వైపు చూస్తున్నట్టు. ఇంకో రెండు రోజుల్లో దానికి ఆపరేషను. దాని ప్రపంచంలో అప్పుడు కదలకుండా ఉన్నది ఒకే ఒకటి, అది తాను. నాకూ పన్ను వాచి ఏడ్చాను, దొంగచాటుగా మందులు మింగాను అని ఆ ముఖంలోకి చూసి ఎలా చెబుతుంది? లేదు, అది సగం నిజం. మిగతా సగం ఇది: ఇనుప మనిషి అన్న మాట తియ్యగా ఉంది. ఆ తీపి నాలుక మీద ఉండగా నోరు తెరవబుద్ధి కాలేదు. లేదు, అంది. ఒక్కసారే, మెల్లగా. కళ్లజోడమ్మాయి గీత గీసింది. నోరు విప్పలేదని దేవుడితో ఆరేళ్లు వాదించింది గానీ, విప్పింది. విప్పి లేదు అంది. ఇవాళ ఈ బెంచీ మీద కూర్చున్నాక గాని అది గుర్తుకు రావడానికి ఒప్పుకోలేదు.

తొమ్మిదీ ఇరవై. సంచి అడుగున చెయ్యి పెట్టి చూసింది. తడి లేదు. కుట్టు గట్టిదే.

ఏటా వెళ్లాలి ఇద్దరూ. చిన్నది ఏటా వెళ్లింది. జుట్టు ఊడిన మొదటి ఏడాది తలకు గుడ్డ కట్టుకుని వెళ్లింది, రెండో ఏడాది పిల్లల జుట్టులా పొట్టిగా మొలిచిన వెంట్రుకలతో వెళ్లింది. అక్కా, రావూ అంటే, ఈవిడకు ఏదో ఒకటి అడ్డం వచ్చేది. కడుపు బాగాలేదు. ఊరెళ్లాలి. ఇవాళ అర్జెంటు బట్టలున్నాయి. మొదటి డబ్బా అబద్ధమైనప్పుడు దాని పక్కన రెండోది ఎలా పెట్టను? పెట్టాలంటే మొదటిదాని సంగతి చెప్పాలి. చెప్పాలంటే చిన్నదాని ముందు చెప్పాలి. చిన్నది బలవంతం చేసేది కాదు. సరేలే, నీ కడుపు నీ ఇష్టం, అని తన డబ్బా తాను సంచిలో పెట్టుకుని పోయేది. ఆ సంచి కూడా ఈవిడ కుట్టిందే.

కుట్టడంలో మాత్రం ఏనాడూ వెనకాడలేదు. ఆపరేషను అయ్యాక చిన్నది అద్దం ముందు నిలబడడం మానేసింది. రొమ్ము తీసేసిన చోట పెట్టుకోమని ఆసుపత్రిలో ఇచ్చిన మెత్త దూదిలా తేలిక, నడిస్తే పైకి లేచిపోయేది, చెయ్యి ఎత్తితే భుజం దాకా వచ్చేసేది. కత్తెరమ్మ మూడు రోజులు ఆలోచించింది. అందం సంగతి తర్వాత, ముందు బరువు కుదరాలి. ఒక పక్క బరువు పోతే రెండో భుజం కిందికి లాగుతుంది, కొన్నాళ్లకు వీపు వంకర పోతుంది. వంటింటి తక్కెడ తెచ్చి, సన్నని గింజలు మెత్తని గుడ్డ సంచిలో పోసి, చిన్నదాని అరచేతిలో పెట్టి, రెండో పక్కతో పోల్చి చెప్పమంది. ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు. ఆ బరువుకు తగ్గట్టు లోపల జేబున్న బాడీ కుట్టింది, పట్టీలు వెడల్పుగా, గాయం మీద ఒక్క అతుకూ పడకుండా. చిన్నది వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, దించి, ఇటు తిరిగి అటు తిరిగి, అక్కా, నీ ఉప్పు తక్కువ గాని నీ తూకం తప్పదు, అంది. అద్దం ముందు చాలాసేపు నిలబడింది. వార్డులో నర్సు అది చూసి ఇంకొకరికి కావాలంది. ఆ ఒకరు ఇంకొకరిని పంపారు. ఆరేళ్లలో నూటపన్నెండు మంది వచ్చి ఆ ముందుగదిలో, తెర వెనక, తక్కెడ పక్కన నిలబడ్డారు. కొలతలు ఈవిడవి, కాజాలు చిన్నదానివి. వచ్చినవాళ్లకు చిన్నదే ముందు తనది చూపిస్తుంది, సిగ్గేం లేకుండా. చూడండి, నాదీ పోయింది, ఇప్పుడెవరైనా కనిపెట్టగలరా? అంటుంది. ఏడుస్తూ వచ్చినవాళ్లు ఆ తెర వెనకనుంచి నవ్వుతూ రావడం ఎన్నిసార్లు చూసిందో. ఆ నవ్వు వినబడినప్పుడు మిషను ఒక్క క్షణం ఆపుతుంది. సామీ, ఇది చాలు, అనుకుంటుంది. చాలు అనుకున్న మరుక్షణమే, ఆ డబ్బా సంగతేంటి, అని లోపలినుంచి ఎవరో అడుగుతారు. లోపల ఉన్నది దేవుడని చిన్నప్పటినుంచి విన్నది. లోపల కోట్ల జీవులున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరికీ చోటు సరిపోతుందా అని ఒకరోజు నిజంగానే ఆలోచించింది. ఆయనే కదా వాటినీ పెట్టింది. అన్నం వండి పెట్టేది నేను, అరిగించేది అవి, చూస్తూ కూర్చునేది ఆయన. తూకం తప్పితే ఎవరిని అడగాలి? ఎవరినీ అడగక్కర్లేదు, నీ వంతు నువ్వు సరిగ్గా ఇచ్చావా, అన్నట్టు అనిపించేది.

ఉత్తరం పోయిన వారం వచ్చింది. పరిశోధన ముగింపుకొచ్చింది, ఈ నెలాఖరు దాకా మాత్రమే డబ్బాలు తీసుకుంటామని. చిన్నదాని కూతురు గట్టిగా చదివింది, ఇప్పటిదాకా తేలిన కబుర్లు కూడా. జబ్బు ఉన్నవాళ్ల పేగుల్లో జీవుల తీరులో తేడాలు కనిపించాయి. అదే కారణమని ఇప్పుడే చెప్పలేము. మీరిచ్చిన ప్రతి డబ్బా రేపటి ఆడపిల్లలకు ఉపయోగపడుతుంది. రేపటి ఆడపిల్ల ఆ కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది, ఇరవై రెండేళ్లది, అచ్చం తల్లి ముఖం. పెద్దమ్మా, మన జతవి మొత్తం ఎన్ని డబ్బాలున్నాయి, అని అడిగింది. కత్తెరమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. మీ అమ్మవి ఉన్నాయిలే, అంది. రేపు ఈ పిల్లకు ఎవరైనా, మీ ఇంట్లో మీ అమ్మకు వచ్చింది కాబట్టి నీకు ఇంత ముప్పుందని చెబితే, ఆ లెక్కలో పదిహేడో జత ఉండాలి కదా. తన మూలంగా అక్కడ ఒక కన్నం ఉంది. తేడా కనిపించింది అన్నారు. ఆ తేడాలో తన పంటి మాత్రలు చేసిన తేడా ఎంత?

తొమ్మిదీ నలభై. లేచి వెళ్లిపోతే? సంచి ఇక్కడే బెంచీ మీద పెట్టి, ఎవరో మర్చిపోయినట్టు? డబ్బా మీద నంబరు రాసి ఉంది, వాళ్లే తీసుకుంటారు. మాట చెప్పక్కర్లేదు. కాళ్లు నిజంగానే లేచాయి. కాపలా మనిషి చూశాడు. మంచినీళ్లు అటువైపమ్మా, అన్నాడు. ఆవిడ మళ్లీ కూర్చుంది. అన్ని వేల అతుకులు వేసిన చెయ్యి, ఒక్కటంటే ఒక్కటి కచ్చా కుట్టుతో వదిలేస్తుందా? పాత కుట్టు విప్పకుండా దాని మీదే కొత్తది వేస్తే బట్ట ముద్దగా తయారవుతుంది. ముందు విప్పాలి. చిన్నదానికి మొదటి కాజా నాడు చెప్పిందే.

పదికి పది నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. కళ్లజోడమ్మాయి. ఇప్పుడు అమ్మాయి కాదు, నుదుటి దగ్గర ఒక తెల్ల వెంట్రుక, తన కింద ఇద్దరు పనిచేస్తున్నారు. కళ్లజోడు మాత్రం అదే, మోచేతి తోపూ అదే.

"పదిహేడు రెండు," అంది చూడగానే, పేరు పిలిచినట్టు.

"గుర్తున్నానా అమ్మాయ్?"

"మీరు కుట్టిన సంచి ఏటా వస్తుంది కదమ్మా, మీరు రాకపోయినా. ఇలా ఇవ్వండి, పదవుతోంది."

"ఇస్తాను. ముందు ఒక మాట రాసుకో." సంచిని రెండు చేతులా పట్టుకుంది. "ఆరేళ్ల కింద నేనిచ్చిన డబ్బా పనికిరాదు. అప్పటికి పది రోజుల ముందే పంటికి యాంటీబయాటిక్ వారం వాడాను. నువ్వు అడిగావు. లేదన్నాను. అది కొట్టెయ్యి. కొట్టేసి, ఇది తీసుకుంటానంటే తీసుకో, వద్దంటే పట్టుకుపోతాను. ఈ మూడు నెలల్లోనే కాదు, మూడేళ్లలో ఏమీ వాడలేదు."

అమ్మాయి సంచి అందుకుంది, డబ్బా తీసి చేత్తో తడిమి చూసింది, ఇంకా చల్లగానే ఉందే, అని మెచ్చుకుంది. తర్వాత బల్ల దగ్గరకు తీసుకెళ్లి, గోడ అలమరాలోంచి ఒక దస్త్రం తీసి, మొదటి కాగితం తిప్పి ముందుంచింది. ఆ కాగితం మీద ఆరేళ్లనాటి గీత ఉంది, లేదు అన్నచోట. గీత మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన, గుండుసూదితో గుచ్చి, ఖాళీ మాత్రల అట్ట. ఇరవయ్యొక్క గుంటలు, అన్నీ ఖాళీ. గుండుసూదికి నీలం పూస తల. అలాంటివి కత్తెరమ్మ సూదులు గుచ్చే దిండుకే ఉంటాయి.

"మీ డబ్బా వచ్చిన నెలకే మాకు అనుమానం వచ్చిందమ్మా," అంది అమ్మాయి. "ఊరు సగం ఖాళీ చేసి వెళ్లినట్టుంది అందులో. యాంటీబయాటిక్ పడ్డ కడుపు తరచుగా అలాగే కనిపిస్తుంది. దాన్ని అప్పుడే పక్కన పెట్టేశాం, ఏ లెక్కలోనూ కలపలేదు. మిమ్మల్ని పిలిపిద్దామనుకుంటుంటే మీ తోడికోడలే వచ్చారు, ఇది పట్టుకుని. దారం కోసం సొరుగు తెరిస్తే దొరికిందట."

"అది... ఏమంది?"

"మందు పేరు, తేదీలు ఇందులో ఉన్నాయి, రాసుకోండి అన్నారు. మా అక్కను పిలవొద్దు, అడగొద్దు, తనే వస్తుంది, అన్నారు. చోటు మాత్రం తీసెయ్యొద్దని ఏటా చెప్పి వెళ్తారు. పోయిన నెల కూడా చెప్పారు."

కత్తెరమ్మ ఆ అట్ట మీద వేలు పెట్టింది. ఆరేళ్లు. తెర వెనక పక్కపక్కన నిలబడి నూటపన్నెండు మందికి కొలతలు తీసిన ఆరేళ్లు. మా అక్క ఏది దాచినా నాకు తెలుస్తుంది అన్న పిల్ల, తెలుసుకుని, ఆ తెలిసిన సంగతి కాజాలో దారపు కొసలా లోపలికి తోసేసి, బయటకు కనిపించకుండా ఉంచింది. ఇనుప మనిషి కాదని తెలిసి కూడా, బయటివాళ్లు ఎవరైనా వచ్చినప్పుడల్లా, మా అక్క, అని గొంతు పెంచి చెబుతూనే ఉంది. తనకు ఇన్నాళ్లూ తన గర్వమే కనిపించింది. దానిది కనిపించలేదు. తోడికోడలి గర్వం తనకన్నా పొడుగ్గా పెరిగిపోయింది, తాను కొలవడం మరిచిపోయిన ఒకే ఒక కొలత అది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. వీపు నిటారుగా లేచింది, అంతే.

"మొదటి ఏడాదిది తిరిగి రాదమ్మా," అంది అమ్మాయి, తప్పు తనదైనట్టు. "కానీ ఈ ఏడాది జత నిండింది. మీ తోడికోడలి డబ్బా పోయిన నెలే వచ్చింది. పక్కనే పెడదాం."

నడవ చివర మూలుగుతున్న బీరువా తలుపు తెరిస్తే పొగలాంటి చలి కాళ్ల మీదకు దొర్లింది. అరలో పదిహేడు ఒకటి అన్న చీటీ. దాని పక్కన డబ్బా పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ అంచు మీద కూడా పదిహేడు రెండు అని చీటీ అంటించి ఉంది, ఎప్పుడో అంటించినది, మంచుకు వంకర్లు పోయి. కత్తెరమ్మ డబ్బా తానే పెడతానంది. అమ్మాయి తొడుగులు ఇచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, మూత గట్టిగా ఉందో లేదో ఇంకోసారి చూసి, పదిహేడు ఒకటికి ఆనించి పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

తొడుగులు విప్పేసి, బల్ల మీది కాగితంలోంచి నీలం పూస సూది తీసి, దాని బదులు అక్కడున్న మామూలు పిన్ను పెట్టి, సూదిని తన రవిక అంచుకు గుచ్చుకుంది. ఇది ఇంటిది, అంది. అప్పుడు ఫోను మోగింది. చిన్నది.

"ఏంటక్కా, దారాలు ఇంకా దొరకలేదా? ఇక్కడ ఇద్దరు వచ్చి కూర్చున్నారు కొలతలకి."

"ఇచ్చేశానే," అంది కత్తెరమ్మ.

అటువైపు మిషను చప్పుడు ఆగింది. తర్వాత చిన్నది ముక్కు ఎగబీల్చి, "సరే, బస్సెక్కు. వచ్చేటప్పుడు నిజంగానే దారాలు తీసుకురా, తెల్లవి అయిపోయాయి," అంది.